నాయనమ్మ విన్న ఇంగ్లీషు

మంగళగిరిలో జాబ్ మేళా ఉందని కాలేజీలో నోటీసు పెట్టేసరికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. అప్పుడు నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి సంవత్సరం. క్లాసులో ఆడపిల్లలం నలుగురం. మిగతా ముగ్గురూ ఇంజనీరింగులో చేరతామన్నారు. నాకు మాత్రం ఉద్యోగం కావాలి. అదీ కంప్యూటర్ ముందు కూర్చునేది కాదు, యంత్రాల దగ్గర నిలబడి చేసేది.

ఒక సీనియర్ అక్క రెజ్యూమె తీసుకుని, పేరూ మార్కులూ మార్చి నాదిగా చేసుకున్నాను. అందులోని వాక్యాలనే కంఠస్థం పట్టి, రోజూ కాలేజీ నుంచి రాగానే పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ ఇంగ్లీషులో అప్పజెప్పేదాన్ని. నాయనమ్మ అక్కడే గోనెపట్టా మీద కూర్చుని, ఎండుమిరపకాయల్లో రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతుండేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

మూడో రోజు సాయంత్రం నన్ను ఆపింది.

"ఆగవే. అంతా బాగానే చెబుతున్నావు గానీ, మధ్యలో ఒకచోట రోజూ నీ గొంతు దిగిపోతోంది. అక్కడేం చెబుతున్నావు?"

"పదిమందినీ ముందుండి నడిపిస్తానని."

"నువ్వా? ఎవర్ని నడిపించావే?"

"ఎవర్నీ లేదులే నాయనమ్మా. అందరూ అలాగే రాస్తారు."

"అబద్ధం ఆడటం నీకు చేతకాదు. చేతనైన పనేదో చెప్పరాదూ?"

కోపం వచ్చింది. లోపలికి వెళ్లి కాగితం మళ్లీ చదివితే, అందులో నాదన్నది పేరూ మార్కులే. ఒక్కో వాక్యమూ కొట్టేస్తూ పోతే సగం పేజీ ఖాళీ అయింది.

నాన్న చిలకలూరిపేటలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియను. పత్తి సీజన్ అయిపోయాక మిల్లు ఆపి మోటార్లన్నీ విప్పి బాగుచేస్తారు. మూడు వేసవులు నేను కూడా ఆయనతో వెళ్లి ఆ పని చేశాను. అదే రాస్తానంటే నాన్న వెనకాడాడు.

"మిల్లు పనంటే చులకనగా చూస్తారేమోనమ్మా."

"చూస్తే చూడనీ నాన్నా. నేను చేసిన పని అదే కదా."

మర్నాడు ఆయనే నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, ఏ మోటారుకి ఏం చేశామో ఒక్కొక్కటీ గుర్తుచేశాడు. మిగిలిన రోజులన్నీ ఆ మాటలనే సొంతంగా ఇంగ్లీషులోకి మార్చుకున్నాను.

మేళాలో మొదటి టేబుల్ దగ్గరాయన నా కాగితం చదవకుండానే అన్నారు. "మెయింటెనెన్స్‌కి అబ్బాయిల్నే చూస్తున్నామమ్మా. ఆఫీసు పోస్టుకి రాసుకోమంటావా?"

"వద్దండి. మెయింటెనెన్స్‌కే వచ్చాను."

కాగితం వెనక్కిచ్చేశారు. రెండో టేబుల్ దగ్గరా అదే మాట. కళ్లలో నీళ్లు తిరిగాయి. బయటికి వెళ్లి మొహం కడుక్కుని, వచ్చి మూడో టేబుల్ వరసలో నిలబడ్డాను.

అక్కడున్న పెద్దాయన కాగితం పూర్తిగా చదివారు. "మోటారు మాటిమాటికీ ట్రిప్ అయి ఆగిపోతోంది. ముందేం చూస్తావు?"

ఇంగ్లీషులో మొదలుపెట్టి తడబడ్డాను. తెలుగులోకి వచ్చేశాను. "సప్లై ఆపి, ఫ్యాన్ కవరు చూస్తానండి. మా మిల్లులో అయితే దూది పట్టేసి గాలి ఆడక మోటారు వేడెక్కుతుంది. అది శుభ్రంగానే ఉంటే బేరింగులు తిప్పి చూస్తాను. ఆ తర్వాత నడిపి, కరెంటు ఎంత లాగుతోందో కొలుస్తాను."

"ఎవరు నేర్పారు?"

"మా నాన్నండి."

ఆయన నా పేరు పక్కన ఏదో రాసుకున్నారు. రెండు వారాలకు ప్రాక్టికల్ పరీక్షకి పిలిచారు. ఒక పాత మోటారు ఇచ్చి విప్పి బిగించమన్నారు. బిగించాను.

ఉద్యోగంలో చేరిన రోజు స్టోర్‌లో నా కొలతకి సేఫ్టీ బూట్లు లేవు. తెప్పించేదాకా ఆఫీసులో కూర్చోమన్నారు. నేను రెండు జతల సాక్సులు తొడుక్కుని, మగవాళ్ల బూట్లు వేసుకుని యంత్రాలున్న షెడ్డులోకి వెళ్లాను.