ఉప్పు కాలువ మలుపులో పడిపోయిన మైలేజీ

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే మా ఇంట్లో ముందుగా నవ్వేది నేనే. అల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో ఏరేటర్లు బిగించడం, వాటి మోటార్లు కాలిపోతే బాగుచేయడం నా పని. నీళ్ళను చిలికి గాలి కలిపే ఆ యంత్రం ఆగిపోతే రొయ్య బతకదు. అందుకని రైతు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి. శ్మశానాల పక్కనున్న గుంటల్లోనూ ఒంటరిగా పనిచేశాను. ఎన్నడూ భయం వేయలేదు. నేను భయపడేది కరెంటుకు ఒక్కదానికే. అది కూడా కంటికి కనపడదు, కానీ మీటరు పెడితే తెలిసిపోతుంది.

ఇది రాయాలా వద్దా అని చాలాకాలం ఆలోచించాను. ఎందుకంటే జరిగింది ఒక మీటరులోనే.

నాది సెకండ్ హ్యాండులో కొన్న పెట్రోలు కారు. స్టీరింగు వెనక చిన్న తెర ఉంటుంది. పైన అంకెల్లో సగటు మైలేజీ. దాని కింద ఒక పట్టీ, బండి ఆ క్షణాన లీటరుకు ఎంత ఇస్తోందో చూపిస్తుంది. కాలు గట్టిగా తొక్కితే పట్టీ తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. వంతెన ఎక్కేటప్పుడు పడిపోతుంది, దిగేటప్పుడు చివరిదాకా పోతుంది.

ఆ సగటు అంకె పూర్తి నిజం కాదని నాకు మొదటి నుంచీ తెలుసు. బంకులో ఫుల్ ట్యాంకు కొట్టించి, తిరిగిన దూరాన్ని పట్టిన పెట్రోలుతో భాగించి చూసేవాణ్ణి. తెర ఎప్పుడూ ఒకటో రెండో ఎక్కువే చెప్పేది. చాలా కార్లలో అంతేనట. అబద్ధమే అయినా ఒకే తీరున ఆడే అబద్ధం కాబట్టి దానితో నాకు పేచీ ఉండేది కాదు.

మస్తాన్ మాత్రం దాన్ని ఎగతాళి చేసేవాడు. మస్తాన్ నా భాగస్వామి. నాకంటే చిన్నవాడు, మంచి ఒళ్ళున్న మనిషి. వాళ్ళ నాన్న కావలిలో కుట్టు మిషన్లు బాగుచేసేవాడు, ఆ చేతివాటం వీడికీ వచ్చింది. "అన్నా, నేను ఎక్కినా దిగినా నీ కారు ఒకే అంకె చూపిస్తా ఉంది. దానికి నా బరువు తెలీడం లే" అనేవాడు. మస్తాన్‌కు షుగరు ఉంది. రోజూ ఇంజెక్షన్ వేసుకోవాలి, వేళకు తినాలి. వేళకు తినడమనేది మా పనిలో కుదిరేది కాదు.

అది కార్తీకం. సముద్రంలో వాయుగుండం ఉందని రెండు రోజులుగా సన్నటి తుంపర. పొద్దున్నే మస్తాన్ ఉప్పు కాలువ అవతల ఒక గుంటలో మోటారు చూడటానికి బైకు మీద పోయాడు. నేను షెడ్డులో ఉన్నాను. మధ్యాహ్నం దాటాక వాళ్ళ ఆవిడ గౌసియా ఫోన్ చేసింది.

"అన్నా, ఆయన మీ దగ్గర ఉండాడా? అన్నానికి రాలే. ఫోన్ మోగుతా ఉంది, ఎత్తడం లే."

నేనూ చేశాను. మోగింది. రెండోసారి చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది. అప్పుడు కారు తీశాను.

అల్లూరు నుంచి తూర్పుకు పోతే ఉప్పు కాలువ మీద వంతెన వస్తుంది. అది దిగగానే రోడ్డు ఒక మలుపు తిరుగుతుంది. ఎడమ పక్క సరుగుడు తోపు, కుడి పక్క ఎప్పుడో జబ్బు తగిలి వదిలేసిన గుంటలు. వాటి గట్ల మీద మనిషెత్తున మొగలి పొదలు. అక్కడి నుంచి రోడ్డు సముద్రం దాకా అరచేయిలా చదునుగా ఉంటుంది.

బైకు ఎక్కడైనా పడి ఉందేమోనని రెండు పక్కలా చూస్తూ నిదానంగా పోతున్నాను. మలుపు తిరిగాక పట్టీ ఒక్కసారిగా అడుగుకు పడిపోయింది. పెద్ద ఎత్తు ఎక్కుతున్నప్పుడు కూడా అంతగా పడదు. వెనక లారీని కట్టి లాగుతున్నట్టు చూపిస్తోంది. పైన సగటు అంకె కూడా నా కళ్ళ ముందే తగ్గుతూ వచ్చింది. ఇంజను చప్పుడు మాత్రం మారలేదు. కాలు కింద పెడలు ఎప్పటిలాగే తేలిగ్గా ఉంది.

హ్యాండ్ బ్రేకు వదల్లేదేమో అనుకున్నాను. వదిలే ఉంది. కాస్త దూరం పోయాక పట్టీ తనంతట తనే లేచింది. తడికి ఏ వైరో షార్టయి ఉంటుందని అనుకుని దాన్ని వదిలేశాను. నా ఆలోచనంతా మస్తాన్ మీద ఉంది.

గుంట దగ్గర కాపలా మనిషి చెప్పాడు. "పొద్దునే బాగుచేసేసి పోయినాడే అన్నా. టీ తాగమంటే ఇంటికి పోయి అన్నం తింటానన్నాడు."

తిరిగి వస్తుంటే అదే చోట పట్టీ మళ్ళీ పడిపోయింది. ఈసారి కారు ఆపి దిగాను. బ్రేకు పట్టేసి ఉంటే చక్రం వేడిగా ఉంటుంది. నాలుగు చక్రాలకూ చేయి పెట్టి చూశాను. నాలుగూ చల్లగా ఉన్నాయి. నిలబడి అటూ ఇటూ చూశాను. తోపులో గాలి, పొదల మీద తుంపర. రోడ్డు మీద బైకు జారిన గుర్తు కూడా లేదు. ఎక్కి వచ్చేశాను. మస్తాన్ ఉన్న చోటికి నేను అప్పుడు ఒక కేక దూరంలోనే ఉన్నాను.

ఊళ్ళో ఆసుపత్రిలో అడిగాను, టీ కొట్ల దగ్గర అడిగాను. ఎవరూ చూడలేదన్నారు. గౌసియా షెడ్డు దగ్గరికి వచ్చేసి ఉంది. "నేనూ వస్తానన్నా. ఇంట్లో కూసోలేను" అని ముందు సీట్లో కూర్చుంది. పొద్దున ఆయన ఇంజెక్షన్ వేసుకున్నాడనీ, ఒక్క ఇడ్లీ తిని లేచిపోయాడనీ చెప్పింది. ఆ మందు వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుందని మా ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత ఏమవుతుందో కూడా తెలుసు.

వంతెన దిగాము. ఆమె రోడ్డు చూడలేక కాబోలు ఆ తెర వైపే చూస్తోంది.

"అదేందన్నా, ఆ గీత అట్లా పడిపోయింది? పెట్రోలు అయిపోయిందా?"

అప్పటిదాకా అది నా కంటికే అలా కనపడుతోందేమో అన్న ఆశ ఎక్కడో ఉన్నట్టుంది. కారు ఆపాను. ఇది మూడోసారి, ఇదే చోట పడిపోతోందని ఆమెకు చెప్పాను.

గౌసియా నా మొహంలోకి చూసింది. "ఈడ్నే ఉండాడన్నా" అంది.

అలా కాదమ్మా, అది తడికి వచ్చిన ఫాల్టు అని చెప్పబోయాను. చీకటి పడటానికి ఎంతో సేపు లేదు. దిగి పిలిచాను, ఆమె కూడా పిలిచింది. గాలి మా కేకల్ని తోపులోకి ఎత్తుకుపోయింది. ఆ పొదలు చాలా దూరం ఉన్నాయి, వాటిలో ఎక్కడని వెతకాలి?

అప్పుడు నేను చేసిన పని వేరే ఎవరైనా చేశామని చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి. మళ్ళీ కారెక్కి, మనిషి నడిచేంత నిదానంగా ముందుకు పోనిచ్చాను. పట్టీ కొంచెం లేచింది. వెనక్కి తీసుకొచ్చాను. పడింది. ఇంకా వెనక్కి వచ్చాను. మళ్ళీ లేచింది. కేబులు భూమిలో ఎక్కడ తెగిందో వెతికేటప్పుడు మీటరు పట్టుకుని ఇలాగే ముందుకూ వెనక్కూ నడుస్తాం. ఆ అలవాటే నన్ను నడిపించింది. పట్టీ పూర్తిగా మాయమైన చోట ఆపి, "ఇక్కడ" అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

పొదల్లోకి దిగాను. ముళ్ళకు చొక్కా చిరిగింది. గట్టు అవతల పాడుబడ్డ గుంట తూము కాలువ ఉంది. రోడ్డు మీదికి కనపడదు. బైకు రెల్లులో తలకిందులుగా ఉంది. దాని పక్కన మస్తాన్ నడుం దాకా బురదలో, వెల్లకిలా పడి ఉన్నాడు. పోటు సమయం. ఉప్పు కాలువ నీళ్ళు తూములోంచి ఎగదన్ని అతని ఛాతీ దగ్గరికి వస్తున్నాయి. కళ్ళు మూసి ఉన్నాయి. రెండు చేతులూ ఛాతీ మీద పిడికిళ్ళు బిగించి ఉన్నాయి.

గౌసియా ఎలా దిగిందో తెలియదు, నాకంటే ముందు ఆమె అతని తల ఎత్తి పట్టుకుంది. "ఊపిరి ఉందన్నా, ఊపిరి ఉంది" అని అరుస్తూనే ఉంది. అటుగా పోతున్న ఇద్దరు గుంట మనుషులు మా కేకలు విని వచ్చారు. నలుగురం కలిసి పైకి లాగాం. తొడ ఎముక విరిగింది. వెనక సీట్లో పడుకోబెట్టి, గౌసియా కొంగున కట్టుకొచ్చిన పంచదార బుగ్గలో పెట్టి, నెల్లూరు పరిగెత్తించాను. ఆ పరుగులో ఒకసారి తెర వైపు చూశాను. ముగ్గురం ఉన్నాం, కాలు బలంగా తొక్కుతున్నాను, పట్టీ మామూలుగా ఉంది.

మస్తాన్ బతికాడు. షుగరు పడిపోయి కళ్ళు తిరిగి బైకుతో సహా గట్టు దాటి పడిపోయాడని తేలింది. కాలుకు రాడ్ వేశారు.

తెలివి వచ్చి మాట్లాడటం మొదలుపెట్టాక ఒక సాయంత్రం నేను మంచం పక్కన కూర్చున్నాను. కారు సంగతి అతనికి నేను చెప్పలేదు. చెప్పలేదని గౌసియా కూడా ఒట్టేసింది. మాటల మధ్యలో తనే అన్నాడు.

"నీ కారు వచ్చింది తెలిసిందన్నా. ఇంజను బెల్టు కీచుమంటది గదా. అరవాలనుకున్నా, గొంతు లేవలే. అప్పుడేమైందో, చిన్నప్పుడు మా మేనమామ ఊళ్ళో ఒడ్డున నిలబడి వల లాగేవాళ్ళం చూడు, అట్లా తాడు చేతికి వచ్చినట్టు అనిపించింది. రెండు చేతులా పట్టుకుని లాగినా. యమా బరువు. జారిపోయింది. మళ్ళా వచ్చింది, మళ్ళా లాగినా. ఇంక చేతులు పోతాయనుకునేటప్పటికి ఆగింది."

గౌసియా చేతిలో గ్లాసు మంచం మీద పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది.

అతని అరచేతులకు అడ్డంగా చర్మం లేచిపోయి ఉంది, రెండింటికీ. డాక్టరు చూసి, పడేటప్పుడు రెల్లు పట్టుకుని ఉంటాడన్నారు. అక్కడ రెల్లు ఉన్న మాట నిజమే. కావచ్చు.

నేను ఊరుకోలేదు. మరుసటి వారం బంకులో ఫుల్ ట్యాంకు కొట్టించి లెక్క చూశాను. ఇంజను తాగాల్సినంతే తాగింది. తెర చూపించినట్టు అంత బరువు లాగి ఉంటే ఆ తేడా తెలిసి తీరాలి. తెలియలేదు. అంటే ఆ రోజు తెర చూపించింది పూర్తిగా తప్పు. కారును సర్వీసుకు ఇచ్చాను. కంప్యూటరు తగిలించి చూసి ఏ ఫాల్టూ లేదన్నారు. "తడికి ఏదో కనెక్టరు అటూ ఇటూ అయ్యుంటది సార్" అన్నాడు అక్కడి మెకానిక్. నేనూ మొదట అనుకున్నది అదే. కానీ తుంపర దారంతా ఉంది. వైరు తడిస్తే దారంతా తప్పు చూపాలి గానీ, ఒక్క చోట చూపి, దాటగానే సరికాకూడదు. ఆ తర్వాత వానలో కావాలనే ఆ మలుపుకు పోయాను, ఎండలో పోయాను, నలుగుర్ని ఎక్కించుకుని పోయాను. పట్టీ కదల్లేదు.

దీన్ని దేవుడనాలా, ఇంకేమైనా అనాలా నాకు తెలియదు. గౌసియా ఒక పేరు పెట్టుకుంది, దర్గాలో చాదరు కప్పి వచ్చింది. నాకు అలాంటి పేరేదీ దొరకలేదు. నేను చూసింది చూసినట్టు చెప్పడమే నేను చేయగలిగింది.

మస్తాన్‌కు కారు సంగతి చాలా నెలల తర్వాత చెప్పాను. అతను ఎగతాళి చేయలేదు. కర్ర లేకుండా నడవడం మొదలుపెట్టాక మొదటిసారి ఇద్దరం కలిసి ఉప్పు కాలువ అవతలికి పనికి పోయాం. వంతెన దిగేటప్పుడు నా కళ్ళు తెర మీదికి పోవడం అతను గమనించాడు. ఎడమ సీట్లోంచి వంగి, అరచేయి చాపి ఆ తెర మూసేశాడు.

"చూడొద్దులే అన్నా. రోడ్డు చూసి తోలు" అన్నాడు.

మలుపు మొత్తం దాటేదాకా చేయి తీయలేదు. ఆ కాసేపూ పట్టీ ఎక్కడుందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.