పిలుస్తాడని లేచి వచ్చాం

మా వీధి వర్తకుల పోరాటం మీద నాకు గౌరవం లేదు. అందులో నేనూ ఉన్నాను కాబట్టి, ఎందుకు లేదో బాగా తెలుసు.

విజయవాడ వన్‌టౌన్‌లో మా వీధి చివర ఒక పెద్ద కంపెనీ సూపర్ మార్కెట్ కడుతోందని తెలియగానే, మా కిరాణా కొట్లవాళ్లకి పేదల మీద ఎక్కడ లేని ప్రేమా పుట్టుకొచ్చింది. షామియానా వేశాం. రిలే నిరాహార దీక్ష అన్నాం. అంటే, సుబ్బరంగా టిఫిన్ చేసి వచ్చి కూర్చోవడం, భోజనాల వేళకు మెడలో దండ తీసి పక్కవాడికి వేసి ఇంటికి పోవడం. బంద్ రోజున అందరి షట్టర్లూ సగమే దిగాయి. ఆ సందులోంచి వంగి సరుకులు అందించినవాళ్లలో నేనొకణ్ని. నడుం పట్టేసింది గాని గిరాకీ పోలేదు.

సంఘం అధ్యక్షుడు మా పెదనాన్న. ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. అలాంటివాడి ఉపన్యాసం నిండా చేపల గంపే. సూపర్ మార్కెట్ గేటు రాబోయే చోట, రోడ్డు వారన గోడ నీడలో, బందరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకావిడ ఏళ్లుగా చేపలు అమ్ముతోంది. అంతకుముందు అక్కడ వాళ్ల అత్తగారు అమ్మేది. ఆ గోడ పొడుగునా ఇనుప కంచె వేస్తామని కంపెనీ చెప్పేసింది. "ఈ తల్లి ఎక్కడికి పోవాలి?" అని పెదనాన్న మైకులో గొంతు వణికించేవాడు. ఆవిడ పక్కనే ఉంటే మాత్రం కండువా ముక్కుకి అడ్డం పెట్టుకునేవాడు.

ఆవిడ ఒకరోజు నన్ను ఆపింది. "అబ్బాయిగారూ, మీ పప్పులూ ఉప్పులూ మీరు చూసుకోండి. నా చోటు సంగతొక్కటి తేల్చి పెడతారా? ఆడవాళ్లు ఇక్కడికి అలవాటు పడిపోయారండీ. ఇంకోచోట కూర్చుంటే నన్నెవరు వెతుక్కుంటారు?"

"తేల్చేస్తాం" అన్నాను. బేరాలాడటంలో మా ఇంటికున్న పేరు అలాంటిది మరి.

కొన్నాళ్లకు కంపెనీవాళ్లు చర్చలకు పిలిచారు. పెదనాన్నా నేనూ వెళ్లాం. మేం అడిగినవి మూడు. సూపర్ మార్కెట్ కట్టకూడదు. కట్టినా పప్పులూ నూనెలూ అమ్మకూడదు. చేపలావిడ చోటు జోలికి రాకూడదు. అన్నీ ఇస్తారని కాదు, ఎక్కువ చెప్పి దిగుదామని.

మేనేజరు అంతా ఓపిగ్గా విన్నాడు. "సార్, మొదటి రెండూ హెడ్డాఫీసు సంగతండీ, నా చేతిలో లేవు. మూడోది నేను చేస్తాను. కంచె ఆవిడ వెనక నుంచి వేయిస్తాను. కాంట్రాక్టరుకి ఇవాళే చెప్పాలి. రాసుకుందామా?"

మొదటి మాటకే ఒప్పుకున్నవాణ్ని మా ఇళ్లలో జాలిగా చూస్తారు. బల్ల కింద పెదనాన్న నా తొడ గిల్లాడు. ఇద్దరం కుర్చీలు చప్పుడయ్యేలా లేచాం. "కుదరదండీ, వస్తాం" అన్నాను నేను, చాలా గంభీరంగా.

మెట్ల మీద పెదనాన్న నా చెయ్యి పట్టుకుని లాగాడు. "ఏంట్రా ఆ పరుగు? మెల్లిగా నడువు. పిలవటానికి వాడిక్కాస్త టైమివ్వొద్దా?"

మెల్లిగా నడిచాం. కింద నిలబడి సోడా తాగాం. చెప్పులో లేని రాయిని దులిపాను. ఎవరూ పిలవలేదు.

సరుకుకి అంటించిన బిళ్ల మీది ధరకి అమ్ముకునేవాడికి బేరం ఏం తెలుస్తుంది? మేం వద్దన్నామంటే వద్దన్నామనే అనుకున్నాడు. మర్నాడు పొద్దున ఆవిడ గంప దింపుకోవడానికి వచ్చేసరికి కంచె పాతేశారు.

నెత్తిన గంపతోనే ఆవిడ పెదనాన్న కొట్టుకి వచ్చింది. "ఇస్తానంటే లేచొచ్చేశారంటగా, శెట్టిగారూ?"

"అది బేరంలో పద్ధతమ్మా. ఎర వేశాం."

"ఎర వేస్తే మీ కందిపప్పు వేసుకోవాలి గానీ, గాలానికి నా చోటెందుకు గుచ్చారండీ?" అంటూ గంప ఆయన కొట్టు మెట్ల మీదే దింపింది. "ఈ తల్లి ఎక్కడికి పోవాలని రోజూ మైకులో అడిగారు కదా. ఇదిగో, ఇక్కడికే వచ్చాను."

పెదనాన్న మొహం చూడాలి! ఆ రోజంతా కొట్లో అగరొత్తులు కట్టలు కట్టలుగా వెలిగించాడు. "ఒరేయ్, నువ్వెళ్లి మాట్లాడరా" అని నన్ను తోశాడు. ఆవిడ కత్తిపీట మీద బొచ్చె చేప కోస్తోంది. నేను వెళ్లి, అది తాజాదేనా అని అడిగి వెనక్కి వచ్చాను.

వారం తిరక్కుండానే అగరొత్తులు ఆగిపోయాయి. చేపలు కొన్నవాళ్లు పులుసులోకి చింతపండూ కారమూ అక్కడే కొంటున్నారని పెదనాన్న కనిపెట్టాడు. ఆ బస్తాలు గుమ్మం ముందుకి జరిగాయి. సంఘం మీటింగులో, కంపెనీ మెడలు వంచలేకపోయినా పేదరాలికి చోటిప్పించాం అని చెప్పుకున్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ మెట్ల మీద నీడ లేదు. పదకొండు దాటితే రాయి కాలిపోతుంది, చేప మెత్తబడుతుంది. అప్పుడావిడ మిగిలిందంతా వచ్చినకాడికి ఇచ్చేసి లేచిపోతుంది. ఆ సంగతి మా వీధివాళ్లకి తెలిసిపోయింది. ఇప్పుడు పొద్దున్నే ఎవరూ రావడం లేదు, ఎండెక్కేదాకా ఆగి సంచులు పట్టుకుని వస్తున్నారు.