అక్క పేరున్న కాగితం

ఎన్నో ఏళ్లుగా ఒక కాగితం బరువు మోస్తున్నాను. ఈపాటికి దాన్ని చెదలు తినేసి ఉంటాయి. బరువు మాత్రం తగ్గలేదు. నా పేరు చెప్పను. చెప్పాల్సింది పేరు కాదు, చేసిన పని.

బాన్సువాడలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరిన కొత్తలో జరిగిందిది. అప్పట్లో మా చుట్టుపక్కల ఊళ్లలో కల్లులో మత్తు పొడి కలిపి అమ్మేవారు. అలవాటుపడ్డవాళ్లకు ఒక్కపూట దొరక్కపోతే చేతులు వణికేవి, లేని పాములు కనిపించేవి. జనం దయ్యం పట్టిందనేవారు. దవాఖానలో నర్సమ్మ ఒక్కతే అది జబ్బని చెప్పేది. అలాంటివాళ్లకూ, మతి చెదిరినవాళ్లకూ వైద్యం చేసేచోట్లకు సర్కారు సాయం ఇస్తుందని హైదరాబాదు నుంచి ఉత్తర్వు వచ్చింది. నర్సమ్మ నస్రుల్లాబాద్ దాకా ఊరూరా తిరిగి బాధితుల వివరాలు రాసుకొచ్చింది. దవాఖాన వెనక పది పడకల గది కావాలని దరఖాస్తు. టైపు చేసి పంపాల్సింది నేను.

నాలుగో పేజీలో మా అక్క పేరుంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. బావ చనిపోయాక నాట్లకూ కోతలకూ పోతూ కూతుర్ని సాకింది. నడుము నొప్పికని మొదలుపెట్టిన కల్లు ఆమెను వదల్లేదు. నాకు తెలుసు. తెలియనట్టుండేవాణ్ణి. పేరు పక్కనే 'తమ్ముడు ఇదే ఆఫీసులో టైపిస్టు' అని కూడా రాసి ఉంది. అప్పుడే నాకు లగ్గం కుదిరింది. పిల్ల మేనమామ మా పెద్ద గుమాస్తా. ప్రతి కాగితం ఆయన చూశాకే బయటికి పోయేది.

ఆ ఒక్క పేరు వదిలేసి మిగతావి పంపొచ్చు కదా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. పేరేదని నర్సమ్మ అడుగుతుంది, అడిగితే నలుగురికీ తెలుస్తుంది అనుకున్నాను. మొత్తం దరఖాస్తును పాత ఫైళ్ల కట్టలోకి తోసేశాను. గడువు దాటాక, సర్కారు ఒప్పుకోలేదని నర్సమ్మకు చెప్పాను. నమ్మింది.

ఆ వారమే అక్క ఇంటికొచ్చింది.

"తమ్మీ, గా నర్సమ్మ కాయితంల నా పేరు నేనే రాపిచ్చిన. ఏమన్న తెలిసిందా?"

"లేదక్కా. సర్కారోళ్లు వద్దన్నరు."

"పోనీ తియ్యి, మన నసీబుల లేదు. నువ్వేం ఫికర్ చెయ్యకు. లగ్గం ముంగట మొకం గట్ల పెట్టుకోకు" అంటూ నా గడ్డం పట్టుకుంది.

బాగుపడాలని తనే నోరు తెరిచి అడిగిందన్నమాట. ఆ నోరు నేను మూశాను.

నా లగ్గం బాగానే జరిగింది. మరుసటేడు మేనకోడలి లగ్గం. కూతురి పెండ్లిలో తూలకూడదని అక్క మూడురోజుల ముందే తనంతట తాను కల్లు మానేసింది. ముహూర్తం వేళకు పాములు, పాములు అని అరుస్తూ వీధిలోకి పరిగెత్తింది. పట్టుకొచ్చి వెనక గదిలో మంచానికి కట్టేశారు. కట్టేశారంటున్నాను, చూశారా. ఒక ముడి నేనే వేశాను. అరుపులు వినబడకుండా బాజాలు గట్టిగా వాయించమన్నదీ నేనే.

ఆ తరువాత నర్సమ్మ మళ్లీ దరఖాస్తు రాసింది. ఈసారి తనే హైదరాబాదు తీసుకెళ్లి ఇచ్చింది. సాయం వచ్చింది, గది లేచింది. మొదటి పడక అక్కదే. రెండు నెలలకు తేరుకుంది. ఇప్పుడక్కడే వంట చేస్తుంది, వణికేవాళ్ల చేతులు పట్టుకుని కూర్చుంటుంది. ఏ పెద్ద గుమాస్తాకు జడిసి కాగితం దాచానో, ఆయనే తన తమ్ముణ్ణి అందరూ చూస్తుండగా తీసుకొచ్చి అక్కడ చేర్పించాడు. మరి నేనెవరికి భయపడ్డాను?

మంచి భార్య, ఇద్దరు పిల్లలు, నవ్వుతూ తిరిగే అక్క. సుఖంగానే ఉన్నాను, అబద్ధమెందుకు. కానీ అక్కకు కూతురి పెండ్లి ఏమీ గుర్తులేదు. "నా బిడ్డ ఏం చీర కట్టుకున్నది తమ్మీ?" అని అప్పుడప్పుడు అడుగుతుంది. పచ్చ చీరని చెబుతాను. తల్లికి దక్కని ఆ రోజును ముక్కలు ముక్కలుగా నేనే ఆమెకు చెబుతుంటాను, ఎంత సిగ్గులేనివాణ్ణో చూడండి.

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. మీకు చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు. అయినా ఇన్నాళ్లూ నసీబు మీద, సర్కారు మీద పడి ఉన్న దాన్ని, నాదేనని ఇవాళ నా చేత్తో రాశాను. గుండె కాస్త తేలికపడింది. అక్క అన్నానికి పిలుస్తోంది. వెళ్లి ఆమె పక్కన కూర్చుంటాను.