కూత తెగడం విన్నవాడు

సూర్యప్రకాశానికి చెడుగుడు పిచ్చి. ఆడే పిచ్చి కాదు, చూసే పిచ్చి. జన్మలో ఒక్కసారైనా గీత దాటి కూతకు వెళ్ళినవాడు కాదు. నరసాపురం కచ్చేరీలో నకళ్ళు రాసే ఉద్యోగం, బక్కపలచని ఒళ్ళు, నాలుగు మాటలు గట్టిగా అంటే ఆయాసం. అయినా పదహారేళ్ళ కిందట ఊళ్ళో మిషను హైస్కూలు జట్టు ఎవరితో ఆడింది, ఎవర్ని ఎవరు పట్టారు అన్న సంగతులు కావాలంటే అతన్ని అడగవలసిందే. మధ్యాహ్నం కచ్చేరీ అరుగు మీద నలుగురు పాతవాళ్ళు చేరితే అవే కబుర్లు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ కబుర్లకు మహారాజు భాస్కరం. ఇప్పుడు కాకినాడలో ప్లీడరు, బొజ్జ కూడా వచ్చిందట. ఆ రోజుల్లో అతను నడుం పట్టాడంటే ఉడుంపట్టే, వచ్చినవాడు తిరిగి గీత ముట్టేది కల్ల. అరుగు మీదివాళ్ళు భాస్కరం పట్టు గురించి చెప్పుకుంటూ కాఫీ లేకుండానే గంటలు గడిపేవారు.

అయితే ఆ పట్టుకు ముందు ఇంకొక పట్టు ఉండేది. కుడి మూలన జీవరాజు అనే కుర్రాడు నిలబడేవాడు. కూతకు వచ్చినవాడి చీలమండ మొదట అతని చేతికి చిక్కేది. కాలు ఆగిన తరువాత భాస్కరం వచ్చి నడుం పట్టేవాడు. నడుం పట్టు ఏటిగట్టు మీద కూర్చున్న జనమందరికీ కనబడుతుంది, కాలి పట్టు ఇసకలో పడి కొట్టుకుపోతుంది. సొమ్మొకడిది, సోకొకడిది. పైగా జీవరాజు పేట నుంచి వచ్చిన పాలేరు కొడుకు. స్కూలు దొరగారి మాట కాదనలేక అందరూ కలిసి ఆడేవారు గాని, ఆట ముగియగానే మిగతా పిల్లలు ఏట్లో మునిగితే తప్ప ఇళ్ళకు పోయేవారు కారు.

సూర్యప్రకాశం కళ్ళు మాత్రం ఆ మూలనే ఉండేవి. తాను ఆడలేనివాడు కాబట్టో ఏమో, ఎవరికీ కనబడని పని చేసేవాడి మీద అతనికి మనసు పోయింది. తండ్రి పురోహితుడు. "ఆట చూస్తే చూడు గాని గట్టు మీద మనవాళ్ళ దగ్గర కూర్చుని చూడు," అని ఆంక్ష పెట్టాడు. ఆట రక్తి కట్టేసరికి తండ్రి కన్నుగప్పి ప్రకాశం గట్టు దిగి, జీవరాజుకు మూడు బారల దూరంలో నిలబడేవాడు. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ అతని ప్రాణం కొట్టుకుంటుంది. భార్య వరహాలక్ష్మి, "నన్ను కూడా అంత ఆశగా ఎప్పుడూ చూడలేదు మీరు," అని దెప్పుతూ ఉంటుంది. ఆ మాటలో అబద్ధం లేదు.

ఇంత ఇష్టమున్నవాడు అరుగు మీద కబుర్లలో జీవరాజు ఊసు ఎందుకు ఎత్తడు? దానికి పాలకొల్లు జట్టుతో ఆడిన ఆట చెప్పుకోవాలి.

అది ఆఖరి కూత. పాలకొల్లు వైపు మిగిలినవాడు చిట్టియ్య ఒక్కడే. అతన్ని పట్టేస్తే ఆట మనది, అతను గీత ముట్టుకుంటే ఆట వాళ్ళది. చిట్టియ్య వచ్చాడు, జీవరాజు కాలు దొరకబుచ్చుకున్నాడు. భాస్కరం మీదికి దూకబోయి జారిపడ్డాడు. గట్టు మీద జనం గోల ఆకాశానికంటింది. ఇసకలో బోర్లాపడ్డ చిట్టియ్య గీత వైపు పాకుతూ పాకుతూ ఉండగా అతని కూత తెగిపోయింది. కూత తెగినవాణ్ణి ఇంక పట్టుకుని ఉండకూడదు. కూత తెగితే ఆటలో చచ్చినట్టే కదా, వదిలెయ్యాలి. అది ఆటలో మర్యాద. జీవరాజు వదిలేశాడు. ఆ చిన్న సందులో చిట్టియ్య ఊపిరి పీల్చుకుని, మళ్ళీ కూత అందుకుని గీత మీద చెయ్యి వేశాడు.

మధ్యవర్తి పెద్దాయనకు గీత దగ్గర కూత వినబడింది. జీవరాజు లేచి, "కూత తెగిందండి, అందుకే వదిలాను," అన్నాడు.

"తెగడం ఎవరైనా విన్నారా?" అని పెద్దాయన అడిగాడు.

ప్రకాశం విన్నాడు. చెడుగుడు అన్న మాట సగంలో ఆగిపోవడం చెవిలో వేసినట్టు విన్నాడు. కానీ విన్నానంటే ఎక్కడ నిలబడి విన్నావన్న ప్రశ్న వస్తుంది. గట్టు మీద తండ్రి ఉన్నాడు. జీవరాజు ఆ మూలకు తల తిప్పి చూసేసరికి ప్రకాశం కాళ్ళు అతన్ని గట్టెక్కించేశాయి. అక్కడ జనమంతా "వదిలేశాడు, వదిలేశాడు" అని అరుస్తున్నారు. ఆయాసపడుతూనే ప్రకాశం కూడా అరిచాడు. ఆట పాలకొల్లుకు పోయింది.

ఆ తరువాత జీవరాజు రెండు ఆటలు ఆడి మానేశాడు. పాస్ అయ్యాక ఏటి అవతల ఒక పల్లెలో మిషను బడికి పంతులై వెళ్ళాడని తెలిసింది. ఊరికి అతను ఆ వదిలేసినవాడిగానే మిగిలిపోయాడు.

విక్టోరియా రాణి పోయిన మరుసటి ఏడు, వేసవిలో ప్రకాశం పాలకొల్లు నుంచి కాలవ పడవలో వస్తున్నాడు. కొబ్బరికాయల వ్యాపారం చేస్తున్న చిట్టియ్య అదే పడవ ఎక్కాడు. ఎవరో పాత ఆట సంగతి ఎత్తగానే అతను నవ్వేశాడు.

"అప్పుడు నా కూత తెగిపోయిందండి బాబూ. కాలు పట్టుకున్న కుర్రాడెవరో ధర్మాత్ముడు, టక్కున వదిలేశాడు. నేను మళ్ళీ అందుకున్నాను. కుర్రతనం కదండీ, ఒప్పుకోలేదు."

పడవలోవాళ్ళు ఆశ్చర్యపోయారు. ప్రకాశం మాత్రం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు.

మర్నాడు అరుగు మీద ఈ కబురు చెప్పాడు. కనీసం ఊరైనా తన తప్పు దిద్దుకుంటుందని ఆశ. అందరూ నోళ్ళు తెరిచి విన్నారు.

"అయితే భాస్కరానికి ఎంత అన్యాయం జరిగిందండీ," అన్నాడొకడు. "గెలిచిన ఆట పోయినట్టే కదా, పాపం."

"కాకినాడ ఉత్తరం రాయాలండి," అన్నాడు మరొకడు. "ఇంతకీ ఆ వదిలినవాడి పేరేంటి?"

ప్రకాశం పేరు చెప్పాడు. వాళ్ళు తలలూపి మళ్ళీ భాస్కరం దగ్గరికి వెళ్ళిపోయారు. ఇక ఆ పేరు మోయవలసింది తానొక్కడేనని అతనికి అర్థమైంది. ఊరి తప్పు ఊరిది. తన తప్పు చెప్పుకోకపోతే అన్నం సయించేలా లేదు.

శనివారం కచ్చేరీ కాగానే రేవులో పడవ ఎక్కి ఏరు దాటాడు. జీవరాజును ఏమని పిలవాలో పడవలో కూర్చున్నంతసేపూ తేల్చుకోలేకపోయాడు. ఆ రోజుల్లో ఒరేయ్ అనేవాడు.

పల్లెలో బడి తాటాకుల పాక. జీవరాజు గుమ్మంలో కూర్చుని చెక్క పలకలకు నలుపెక్కేలా బొగ్గు, ఆకు పసరు రాస్తున్నాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. చేతులు మాత్రం అవే, వెడల్పాటి చేతులు.

"జీవరాజు గారూ," అన్నాడు ప్రకాశం.

అతను తలెత్తి చూసి, గుర్తుపట్టి, చేతులు తుడుచుకుంటూ లేచాడు. "ప్రకాశం గారా. రండి. ఇంత దూరం వచ్చారేంటండీ?" అని ఉన్న ఒక్క కుర్చీ జరిపాడు. ప్రకాశం కుర్చీ వదిలి గుమ్మంలోనే, అతని పక్కనే కూర్చున్నాడు. కూర్చుని, దాచుకోకుండా మొత్తం చెప్పాడు. చిట్టియ్య అన్న మాట చెప్పాడు. తాను మూలన నిలబడి ఉండడం, వినడం, గట్టెక్కి అరవడం చెప్పాడు.

"కూత తెగడం నేను విన్నాను. ఆ రోజు చెప్పలేదు. మా నాన్నకు భయపడ్డాను. ఊరికంతటికీ ఇప్పుడు చెబుతానండి, ఎవరు వింటే వాళ్ళకు."

జీవరాజు పసరు ఆరని పలక ఒకటి తీసి గోడకు ఆనించాడు.

"ఊరితో నాకేం పనండి. ఊరు నన్నెప్పుడు చూసింది? ఆ మూల నిలబడి చూసింది మీరొక్కరే." ఇంకొక పలక అందుకున్నాడు. "నాకు ఆట అంటే ప్రాణమండి. ఇప్పుడు కూడా ఎక్కడన్నా కూత వినబడితే కాళ్ళు ఆగవు. ఆ తరువాత రెండు ఆటలు ఆడాను. ఎవరి కాలు పట్టినా కూత ఉందో తెగిందో తెలిసేది కాదు. అందుకే మానేశాను."

"నేను ఒక్క మాట అని ఉంటే..."

"మీరు అంత దగ్గర ఉన్నారు కదండీ. తెగి ఉంటే మీకు వినబడేది, వినబడితే మీరు చెప్పేవారు అనుకున్నాను," అన్నాడు జీవరాజు. "మీరు అబద్ధమాడతారని నాకు తోచలేదండి. ఇన్నేళ్ళూ నా చెవే అబద్ధమాడిందనుకున్నాను."