ఎడ్విన్ బిగించిన నల్ల వైరు

కాశీబుగ్గలో బళ్లకి పాటల పెట్టెలు బిగించే ఎడ్విన్ కొట్టు ఎక్కడని అడిగితే దారి చెప్పే ముందు జాగ్రత్త చెబుతారు: "సామాను ముందే కొనీసి పట్టుకెళ్లకు, ఆడికి నచ్చదు." నేను ముందే కొనేసి పట్టుకెళ్లాను. ఎడ్విన్ నన్నేమీ అనలేదు. నా డబ్బాల వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు కంటే నాలుగు తిట్లు తిన్నా బాగుండేది.

నా పేరు ఢిల్లేశ్వరరావు. మాది కవిటి. నాకో ఏడు సీట్ల వ్యాను ఉంది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు కాబట్టి నాలాంటి బళ్లకు పని తక్కువుండదు. మంగళ, గురు, శనివారాల్లో నలుగురిని ఎక్కించుకుని డయాలసిస్‌కి కాశీబుగ్గ పక్కనే ఉన్న పలాస తీసుకెళ్తాను, అయ్యాక ఇళ్ల దగ్గర దించుతాను. ఆ నలుగురిలో ముందు సీటు దేముడమ్మది. ఆవిడకి అరవై దాటాయి. ముప్పై ఏళ్లు జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టింది. నాకు ఏ చుట్టమూ కాదు గానీ నన్ను మాత్రం కడుపున పుట్టినవాడిని తిట్టినట్టు తిడుతుంది.

మొన్న వేసవిలో ఆవిడ రెండుసార్లు మానేసింది. "ఒంట్లో బాగానేదురా, ఇయాల రాను" అంది. ఒంట్లో బాగాలేదని ఆసుపత్రి మానేసే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. రెండోసారి మానేసిన మర్నాటికి కాళ్లు వాచిపోయి ఊపిరి ఆడకపోతే, వ్యాన్లో పడుకోబెట్టి ఆసుపత్రికి పరుగులు పెట్టాం. ఇంకోసారి ఇలా చేస్తే మా చేతుల్లో ఉండదని డాక్టరుగారు చెప్పేశారు. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కోపం అంటున్నాను గానీ అది భయం. నా మొహం మీద రెండూ ఒకేలా ఉంటాయని మా ఇంట్లోవాళ్లు అంటారు.

"ఏటి సేత్తే మానకుండా వత్తావు, పెద్దమ్మా?" అని అడిగాను.

ఆవిడ ఆలోచించలేదు. ముందే సిద్ధంగా పెట్టుకున్నట్టుంది. "నీ బండిలో పాటలు దోమ రొదలాగున్నాయి. అమ్మోరి సంబరంలో డప్పు ముందర నడిసిన మనిషిని నాను. డప్పు కొడితే కూకున్న సీటు అదరాల. అలగయితే వత్తాను."

"సీటు అదిరినన్నాళ్లూ మానవు కదా?"

"అదిరినన్నాళ్లూ మానను. నీ మాట నువ్వు నిలబెట్టుకో, నా మాట నాను నిలబెట్టుకుంటాను" అని చేతిలో చెయ్యేసింది.

అలా నేను ఫోన్లో డప్పు మోత పలికించే సబ్ వూఫరూ, దానికి బలమిచ్చే ఆంప్లిఫయరూ తెప్పించి ఎడ్విన్ దగ్గరికి వెళ్లాను.

ఎడ్విన్‌ది టెక్కలి. వాళ్ల నాన్న సత్యరాజు అక్కడి బాప్టిస్టు సంఘంలో మైకు చూసుకునేవాడు. మైకు మీద వచ్చే ప్రసంగం కంటే మైకు లోపలి తీగల మీదే కొడుక్కి శ్రద్ధ ఎక్కువని ఊళ్లో అనేవారట. తర్వాత విశాఖపట్నంలో పదకొండేళ్లు కార్లకి పాటల పెట్టెలు బిగించాడు. తండ్రికి జబ్బు చేస్తే వచ్చి, ఇక వెనక్కి వెళ్లలేదు. ఇప్పుడు రేకుల కొట్లో ఒక పక్క భార్య ప్రియ మిషను మీద సీటు కవర్లు కుడుతుంది, ఇంకో పక్క ఇతను. మెడలో తాడుకి కరెంటు కొలిచే మీటరు వేలాడుతూ ఉంటుంది. నలభై ఐదేళ్ల మనిషి. తొందరపడటం నేను ఎప్పుడూ చూడలేదు.

నా డబ్బా తిప్పి చూశాడు. "రెండువేల వాట్లని రాసుంది, బావా. అది రాసినోడి ధైర్యం. ఆగకుండా ఇచ్చేది ఇందులో సగంలో సగం కూడా ఉండదు" అన్నాడు.

"అయితే పనికిరాదా?"

"ఆంప్ పనికొత్తాది. ఈ వూఫరు దానికి జోడీ కాదు."

సుద్దముక్కతో వ్యాను రబ్బరు చాప మీద రెండు సున్నాలు చుట్టాడు. నేను తెచ్చిన సబ్ వూఫరులో రెండు కాయిల్స్, అంటే తీగ చుట్టలు, ఉన్నాయి, ఒక్కోటి నాలుగు ఓములు. ఓము అంటే కరెంటుకి అడ్డు, అంతే అన్నాడు. రెండింటినీ పక్కపక్కన కలిపితే అడ్డు సగానికి పడి రెండవుతుంది. ఆంప్ ఒళ్లు తెలియకుండా పరిగెత్తి కాలిపోతుంది. ఒకదాని వెనక ఒకటి కలిపితే ఎనిమిదవుతుంది. అప్పుడు ఆంప్ కాళ్లీడ్చుకుంటూ నడుస్తుంది.

"నీ ఆంప్ నాలుగు అడుగుతోంది. నువ్వు తెచ్చిన దాన్తో రెండైనా వత్తాది, ఎనిమిదైనా వత్తాది. నాలుగు మాత్రం రాదు."

"మరేటి సెయ్యాల?"

"దాన్ని తిరగ్గొట్టీ. రెండేసి ఓముల కాయిల్సు ఉన్నది తెప్పిత్తాను. ఒకదాని ఎనకొకటి కలిపితే సక్కగా నాలుగు."

అలాగే తెప్పించాడు. బిగించడానికి ఒక పూట పట్టింది. బ్యాటరీ నుంచి లావుపాటి ఎర్ర వైరు వేశాడు, దానికి బ్యాటరీ దగ్గరే జానెడు దూరంలో ఫ్యూజు పెట్టాడు. పాట మోసే సన్న తీగని రెండో వైపు నుంచి తీసుకెళ్లాడు. నల్ల వైరు మాత్రం మూరెడే. వెనక సీటు కింద నేల మీద రూపాయి బిళ్లంత మేర రంగంతా గరుకు కాయితంతో గీకి, ఇనుము వెండిలా మెరిశాక, అక్కడ ఆ వైరుని బోల్టుతో బిగించాడు. "కరెంటు ఎల్లడం ఒక్కటే కాదు బావా, తిరిగి రావాల. వచ్చే దారి ఇది" అన్నాడు. నేను తల ఊపాను. నా చెవికి ఎక్కింది గానీ బుర్రకి ఎక్కలేదని తర్వాత తెలిసింది.

అన్నీ అయ్యాక, "ఎవరు ఇంటారు దీన్ని?" అని అడిగాడు. చెప్పాను. "అయితే ఆవిడొచ్చి కూకోవాల. గెయిన్, అంటే మోత ఎంతుండాలో, నాను నా సెవికి పెట్టను."

మర్నాడు డయాలసిస్‌కి వెళ్తూ దేముడమ్మతో సహా బండిని కొట్టు ముందు ఆపాను. ఆవిడ సీట్లో కూర్చుంది. వెనక ఎడ్విన్ స్క్రూడ్రైవరు పట్టుకుని ఆంప్ మీది గెయిన్ మరని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతున్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చెయ్యి అదురుతోందా, గుండెల్లో బరువుగా ఉందా అని మధ్యమధ్య అడిగాడు. "నేదు నేదు, ఇంకొంచిం" అంది ఆవిడ. డప్పు మోగింది. సీటు అదిరింది. దేముడమ్మ వంక పెట్టకుండా చీర కొంగు సర్దుకుని రోడ్డు వైపు చూసి కూర్చుంది. అంతకంటే పెద్ద మెప్పు ఆవిడ దగ్గర దొరకదు.

ఐదు వారాలు ఒక్క రోజు కూడా మానలేదు. ఈ సంగతి చూసి నాకు కొంచెం పొగరొచ్చిన మాట నిజం.

ఇక్కడ నేను చేసిన నిర్వాకం ఒకటి చెప్పాలి. మా తీరంలో ఉప్పుగాలికి ఇనుము బతకదు. అందుకే మేం దేనికైనా జీడినూనె పూసేస్తాం. పప్పు తీసేశాక గింజ తొక్కలోంచి వచ్చే నల్లటి నూనె అది. పడవ అడుగుకి, గుమ్మాలకి, మంచం కోళ్లకి అదే. చెద పట్టదు, తుప్పు పట్టదు. ఒక ఆదివారం వ్యాను కడుగుతుంటే వెనక సీటు కింద ఆ మెరిసే బిళ్ల కనిపించింది. పచ్చి ఇనుము. ఇంత తెలివైనవాడు దీన్ని ఇలా వదిలేశాడేమిటి, తుప్పు పట్టి పోతుంది కదా అనుకున్నాను. బోల్టు విప్పాను. రెండు పూతలు పూశాను. బోల్టుకీ పూశాను, వైరు చివర రింగుకీ పూశాను. సోమవారం సాయంత్రం దాకా ఎండబెట్టి మళ్లీ గట్టిగా బిగించాను. ఎడ్విన్ మరిచిపోయిన పని నేను చేశానని లోలోపల మురిసిపోయాను.

మంగళవారం సోంపేట దాటాక పాటలో కుయ్‌మని ఈల మొదలైంది. యాక్సిలరేటరు తొక్కితే ఈల పెరుగుతుంది. హరిపురం దగ్గర గతుకులో పడగానే డప్పు ఆగింది, మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగింది. గురువారం అసలే రాలేదు. ఆంప్ మీద ఎర్ర లైటు వెలిగి కూర్చుంది.

ఇంటి దగ్గర దిగుతూ దేముడమ్మ అంది, "సీటు అదిరినన్నాళ్లే అనుకున్నాం కదా. శనివారం నా కోసం రాకు."

"పెద్దమ్మా, అది మిషను. రిపేరొత్తాది."

"నాకూ వచ్చింది రిపేరు. నాకెవలు సెయ్యట్లేదు." వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున్నే ఎడ్విన్ కొట్టు ముందు వ్యాను ఆపి, దిగకముందే మొదలుపెట్టాను. ఇంతేనా నీ పని, ఐదు వారాలకే పోయే దానికా ఇంత సుద్దముక్కా ఇంత లెక్కా అన్నాను. ఆ ముసలావిడకి రేపు ఏమైనా అయితే నీదే పూచీ అని కూడా అన్నాను. పక్క టీకొట్టు దగ్గర ఉన్నవాళ్లు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు. ప్రియ మిషను ఆపింది.

ఎడ్విన్ అంతా విన్నాడు. "నాను కట్టింది నాను కట్టినట్టుంటే ఇలా అవ్వదు, బావా" అన్నాడు. గొంతు పెంచలేదు. వెనక సీటు ఎత్తి, మీటరు తీగ ఒకటి నల్ల వైరుకి, రెండోది వ్యాను ఒంటికి ఆనించాడు. సున్నా రావాల్సిన చోట అంకెలు గంతులేస్తున్నాయి. బోల్టు విప్పి వేలితో గీరాడు. నల్లటి పొర గోట్లోకి వచ్చింది. వాసన చూశాడు. నా వైపు చూడలేదు. నా డబ్బాల వైపు చూసిన చూపు కూడా లేదు. ఆ బోల్టుని నా అరచేతిలో పెట్టాడు, అంతే.

టీకొట్టు వాళ్లకి ఏమీ అర్థం కాలేదు. నాకు మొత్తం అర్థమైంది.

కరెంటుకి తిరిగి వచ్చే దారి మూసేశాను. అది దొరికిన దారిన, పాట మోసే ఆ సన్న తీగలోంచి తోసుకుంటూ వచ్చింది. ఎడ్విన్ ఆ తీగ లాగి చూపించాడు. ఒక చోట తొడుగు మెత్తబడి మడత పడిపోయింది. ముందు సీటు పక్క నుంచి వెళ్లే తీగ అది. దేముడమ్మ కాళ్ల పక్కన. చాప మీద కూలబడ్డాను.

"గీకు" అని గరుకు కాయితం నా చేతిలో పెట్టాడు. "నువ్వు పూసింది నువ్వే తియ్యి. అప్పుడు గేపకముంటాది."

గంటసేపు గీకాను. అతను సన్న తీగ కొత్తది వేశాడు, నల్ల వైరు మళ్లీ బిగించాడు. బిగించాక పైన మాత్రం గ్రీజు రాశాడు. ఉప్పుగాలికి పూత వెయ్యాలంటే బిగించిన తర్వాత, పైన, అన్నాడు. ఆంప్ మీద పచ్చ లైటు వెలిగింది. నేను తాళాలు తీసుకోబోతే, "ఉండు, నానూ వత్తాను" అన్నాడు. "సన్న తీగ మారింది. ఇనే మనిషి కూకోకుండా గెయిన్ ఎలా పెడతాను?" కొట్టు ప్రియకి అప్పజెప్పి ముందు సీట్లో కూర్చున్నాడు. దారిలో ఒకటే మాట అన్నాడు. "ఆవిడకి నీ నోటితో నువ్వే సెప్పు."

దేముడమ్మ వాకిట్లో కొబ్బరి ఈనెలు తీస్తోంది. వ్యాను చూసి లేవలేదు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఎడ్విన్ మీద అరిచిన సంగతి కూడా దాచలేదు.

ఆవిడ నా బొటనవేలు పట్టుకుని నల్లటి గోరు చూసింది. ముప్పై ఏళ్లు ఆ నూనెలో చేతులు పెట్టిన మనిషి. "సెదపురుగే దూరదు దీన్లోంచి, కరెంటేటి దూరతాదిరా?" అంది. తర్వాత ఎడ్విన్ వైపు తిరిగి, "తప్పు ఈడిదా? ఈడు నిన్ను తిట్టేడా?" అని అడిగింది.

"తిట్టేడమ్మా."

"నాలాగే తిట్టేడు. నాను సరిగ్గానే పెంచాను" అంది, నన్నేదో నిజంగానే పెంచినట్టు. లేచి, చెయ్యి తుడుచుకుని, వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

ఎడ్విన్ వెనక కూర్చుని వెంట్రుకవాసి తిప్పాడు. ఆపాడు. ఎడమ చేతి సంగతి అడిగాడు. మళ్లీ తిప్పాడు. డప్పు వచ్చింది. పక్కింటి వాళ్లు బయటికొచ్చి చూశారు. పాట అయిపోయేదాకా ఆవిడ కదల్లేదు.

"ఇదెన్నాళ్లుంటాది?" అని అడిగింది ఎడ్విన్‌ని.

"ఈడు ముట్టుకోకపోతే పదేళ్లుంటాదమ్మా."

"వారానికి మూడుసార్లు. పదేళ్లకి ఎన్నవుతాయి?"

ఎడ్విన్ జేబులోంచి సుద్దముక్క తీసి చాప మీద గుణించాడు. "వెయ్యిన్నీ ఐదొందల అరవై."

ఆవిడ ఆ అంకె చదవలేదు, చదువు రాదు. కాసేపు దాని వైపే చూసింది. "వత్తాను" అంది. "రేపు ఒకటోది. ఒరే ఢిల్లీ, నువ్వు లేటు సెయ్యకు."