కోడువైపు గది

మా అక్క గల్ఫ్ నుంచి వచ్చేసిన కొన్నాళ్ళకే ఒక కోరిక చెప్పింది. పెరటి వెనక పారే కోడు కాలవవైపు తనకో చిన్న గది, దానికి నీళ్ళు కనపడేలా ఒక కిటికీ. ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ ఇంట్లో వంట చేసి, కిటికీ లేని గదిలో పడుకున్న మనిషి. ఆ మాత్రం అడక్కూడదా? వెంటనే మేస్త్రీతో మాట్లాడేశాను.

అప్పుడొచ్చింది మునిసిపాలిటీ కొత్త నిబంధన. మా ఊరి వాన నీళ్ళన్నీ సముద్రానికి మోసుకుపోయేది ఆ కోడే కాబట్టి, దాని అంచు నుంచి కొంత దూరం ఏమీ కట్టకూడదట. పెరడంతా సిమెంటు చేయకూడదట. డాబా మీద పడ్డ వాన గొట్టంలోంచి నేరుగా కోడులోకి పోకుండా మన మట్టిలోనే ఇంకాలట. నాకు తల తిరిగింది. అమలాపురంలో పుట్టినవాళ్ళకి నీళ్ళు బయటికి తోలడమే తెలుసు. పక్కింటికంటే జానెడు ఎత్తు మెరక చేయించి, ముంగిలంతా సిమెంటు పోసి, కోడువైపు వాలు పెట్టడం మా వీధి మర్యాద. ఇంటి దగ్గర ప్రార్థన కూటం పెడితే కుర్చీలు బురదలో దిగబడకూడదు కదా. ఎంత వానొచ్చినా మా వాకిట్లో చుక్క నిలవదని గొప్పగా చెప్పుకునేదాన్ని. చుట్టూ గోదావరే ఉన్న ఊళ్ళో వాన నీళ్ళు దాచుకోమనడం ఏం చోద్యమో!

వార్డు ప్లానింగ్ సెక్రటరీ టేపు పట్టుకుని వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే. పొద్దున కోడు పోటు మీద ఉంది. నీళ్ళు అరటిచెట్ల మొదళ్ళదాకా వచ్చేశాయి. అక్కణ్ణుంచి కొలిస్తే అక్క గది మా వంటింట్లో కట్టుకోవాలి. నాకు ఒళ్ళు మండింది. పాటు తీసి నీళ్ళు దిగాక, సాయంత్రం వచ్చి కొలవమన్నాను. వల వేయాలన్నా పడవ కదపాలన్నా పోటూ పాటూ చూసుకునేవాళ్ళం, గదికి మాత్రం చూసుకోవద్దా? ఆ పిల్ల "ఆయ్" అని, నిజంగానే సాయంత్రం వచ్చింది. ఈసారి గది పట్టింది, బట్టలారేసుకునే చోటు కూడా మిగిలింది. గెలిచాననుకున్నాను. ఆమె టేపు చుట్టుకుంటూ, నీళ్ళు ఎంతదాకా ఎక్కితే అంతవరకూ కోడు కిందే లెక్కని చల్లగా చెప్పింది. అలాగైతే మళ్ళీ ఎందుకొచ్చినట్టని అడిగాను.

"మీరు రమ్మన్నారని వచ్చేనండీ, టీచరుగారూ."

పైగా పాత ఇళ్ళకి ఈ నిబంధన లేదట. గట్టు మీదే నిలబడ్డ మా ఇల్లు తప్పు కాదు, ఇంకా పునాదైనా తీయని అక్క గది తప్పు. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక మా ఆయన మీద అరిచాను.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచేసింది. పెరటి గుమ్మంలో నిలబడి చూశాను. వీధి ఎగువనున్న ఆటో షెడ్డు నూనె, కోళ్ళ దుకాణం కడిగిన నీళ్ళు, వీధిలో చెత్తా అన్నీ మా నున్నటి సిమెంటు మీదుగా జారి కోడులో పడుతున్నాయి. ఆ నల్లటి నీళ్ళు చూశాక, ఆ పిల్ల చెప్పింది సబబేనా అని ఒక అనుమానం మొదలైంది. మళ్ళీ అక్క మొహం గుర్తొచ్చి, సబబైతే మాత్రం నాకెందుకనిపించింది.

ఇంతలో మా పడకగదిలోంచి అక్క పిలిచింది. వెళ్ళేసరికి వెనకవైపు కిటికీ రెక్కని రెండు చేతులా లాగుతోంది.

"ఇది తెరుచుకోదేంటే?"

కోడు వాసన పడలేక ఎప్పుడో మేకులు కొట్టించేశామని చెప్పాను. అక్క మేకుల్ని వేలితో తడిమి చూసింది. తను దేశం వదిలి వెళ్ళేనాటికి మేం ఆ కోడులో బియ్యం కడిగేవాళ్ళం. అన్నేళ్ళూ తనకి గుర్తున్నవి ఆ నీళ్ళే.

"మరి నాకు కట్టే గదికి కిటికీ ఎటు పెడదామనుకున్నావే?"

గొళ్ళెం మీద చెయ్యి తీయకుండా అక్క నా జవాబు కోసం చూస్తోంది. అవతల గదిలో ఫోన్ మోగుతోంది. మేస్త్రీ అయ్యుంటాడు, గది కొలతలు చెప్తానన్నాను. నేను వెళ్ళి ఎత్తలేదు.