‘ఎక్కడ?’ అని అడిగే మా మేడమ్

మా జువాలజీ మేడమ్ పోయారు. కాలేజీ ల్యాబ్ అటెండరు తాడేపల్లిగూడెం నుంచి ఫోన్ చేసి, “మేడమ్ గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండీ. రేపు పొద్దున్నే చర్చిలో ప్రార్థన, తర్వాత తీసుకెళ్తారు,” అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట “ఎక్కడ వచ్చిందంట?” అని. గుండెలోనా, తలలోనా అని నా ఉద్దేశం. “మీరూ అచ్చం ఆవిడలాగే అడుగుతున్నారండీ,” అన్నాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందట.

ఆవిడంత భయస్తురాలిని నేను చూడలేదు. రోజూ గూడెం నుంచి ఏలూరులో మా కాలేజీకి ప్యాసింజర్లో వచ్చేవారు. సాయంత్రం తిరుగు బండి అందదేమోనని గంట ముందే స్టేషన్లో కూర్చునేవారు. మండుటెండలో కూడా వానకని గొడుగు. ల్యాబ్‌కి తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. తన భయాలు చాలవన్నట్టు నా భయం కూడా ఆవిడే నెత్తినేసుకున్నారు.

మాది కొల్లేటి ఒడ్డున ఊరు. నాన్న చేపల చెరువుల్లో వల లాగేవాడు. చిన్నప్పటి నుంచి నాకో తంటా. వల పట్టుకున్న కాసేపటికే చేతులు బిగుసుకుపోయేవి, మూసిన వేళ్ళు తెరుచుకునేవి కావు. కూర్చుంటే సర్దుకునేది. చూసేవాళ్ళకి అదేం కనపడుతుంది? “వీడికి ఒళ్ళొంగదండీ,” అని నాన్న ఊరందరికీ చెప్పేవాడు. డిగ్రీ రెండో ఏడు సెలవుల్లో ఆ మాట పడలేక, పళ్ళు బిగబట్టి వల గట్టు చేరేదాకా లాగాను. ఆ మధ్యాహ్నం మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది.

వేడి చేసిందని అమ్మ బార్లీ నీళ్ళు కాచింది. కామెర్లేమోనని నాన్న పసరు పోయించాడు. ఒక డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఏదో ఎంజైము విపరీతంగా ఉంది, లివరు దెబ్బతిందన్నాడు. దాంతో ఊళ్ళో నేను తాగుతున్నానన్నారు. జీవితంలో చుక్క ముట్టనివాణ్ణి.

సెలవు పొడిగించమని అడగడానికి వెళ్ళి ఆ రిపోర్టు మేడమ్‌కి చూపించాను. ఆవిడకి కోపం వస్తే స్టూడెంట్లని కూడా అండీ అనేవారు.

“ఏవండీ, ఈ ఎంజైము లివర్లోనే ఉంటుందని మీకెవరు చెప్పారు? చేప లివరూ, చేప కండా నూరి రెండిట్లోనూ చూపించాను కదా. ఎంతుందో చూశారు సరే, ఎక్కణ్ణించి కారిందో చూశారా?”

“లేదండి.”

“ఇది రాకముందు ఏం పని చేశావు?”

“వల లాగానండి.”

ఆవిడ స్టూలు మీద కూలబడ్డారు. చిన్నప్పటి నుంచి జరిగిందంతా చెప్పించుకుని, పసరు మానెయ్యమన్నారు. హైదరాబాదులో తనకి తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. అక్కడ నా తొడ కండ చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. కండలో నిలవున్న చక్కెరని కరిగించే ఎంజైము నాకసలు లేదని తేలింది.

ఆ కాగితం పట్టుకుని తిన్నగా మేడమ్ దగ్గరికే వెళ్ళాను. “గుండె కూడా కండేగా మేడమ్?” అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. “తెలీదు నాయనా. తెలుసుకుని చెప్తాను,” అన్నారు. ఆ తర్వాత నేను గడిపిన రోజులు పగవాడికి కూడా వద్దు. గుండె మీద చెయ్యేసుకుని, ఆగుతుందేమోనని వింటూ పడుకునేవాణ్ణి.

ఒక ఆదివారం చర్చి అవగానే ఆవిడ బస్సెక్కి మా ఊరొచ్చారు. నీళ్ళంటే ప్రాణభయం. అయినా చెప్పులు చేత్తో పట్టుకుని, చెరువు గట్టు మీద ఒక్కో అడుగే వేస్తూ వచ్చారు. మంచినీళ్ళు కూడా తాగకుండా అమ్మకి చెప్పడం మొదలుపెట్టారు.

“ఒళ్ళంటే ఒక ఊరనుకోండమ్మా. అన్నిళ్ళలోనూ ఒకటే వంటల పుస్తకం. మీవాడి పుస్తకంలో ఒక పేజీ చిరిగింది. అన్నిళ్ళలోనూ చిరిగే ఉంది. కానీ ఆ పేజీతోనే గడవాల్సింది కండలకి. లివరు వండుకునేది వేరే పేజీ చూసి, దానికేం ఇబ్బంది లేదు.”

“మరి గుండెండీ?” అంది అమ్మ.

“గుండె ఈ పేజీ తీస్తుందమ్మా. కాకపోతే దానికి ఇంకో పేజీ కూడా వచ్చు. దాంతో నెట్టుకొస్తుంది. నేను చదివి, డాక్టరమ్మని కూడా అడిగే వచ్చాను.”

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “అయితే వీడిది బద్ధకం కాదాండీ?” అన్నాడు.

“కాదండీ.”

నాన్న గట్టు మీదికి వెళ్ళిపోయాడు. అన్నం వేళకి కూడా రాలేదు.

“ఇంక భయం లేదంటారా?” అని అమ్మ అడిగింది. మేడమ్ తల అడ్డంగా ఊపారు. “భయపడొద్దని నేను చెప్పనమ్మా. ఎక్కడ భయపడాలో చెప్తాను.” వల ముట్టుకోకూడదు, బస్తా ఎత్తకూడదు, నొప్పి మొదలైతే ఆగిపోవాలి. కండ కరిగి రక్తంలో కలిస్తే కిడ్నీలు పోతాయి, మూత్రం రంగు మారిందంటే ఆస్పత్రికి పరిగెత్తాలి. “పరిగెత్తడమంటే ఆటోలో,” అని తనే సర్దుకున్నారు.

అప్పటి నుంచి నాకు ఫోన్ చేస్తే మొదటి మాట “రంగెలా ఉంది?” అనే. తణుకు సంబంధం కుదిరిందని చెబితే, “అమ్మాయి మీకు చుట్టమా?” అని కంగారుపడ్డారు. మా అమ్మానాన్నల మేనరికం వల్లే నాకిది వచ్చింది మరి. కాదన్నాక గానీ అభినందనలు చెప్పలేదు. పెళ్ళిలో అక్షింతలు వేస్తూ కూడా నా చెవిలో ఆ రంగు సంగతే అడిగారు. మా ఆవిడ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. కొల్లేట్లో గవర్నమెంటు వాళ్ళు చెరువు గట్లు కొట్టేసిన ఏడు మేం పెదపాడు మారుతున్నామని తెలిసి, “సామాను నువ్వెత్తట్లేదు కదా?” అని పొద్దుటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. విసుక్కున్నాను కూడా. ఇప్పుడు ఆ ఫోన్ రాదంటే, నా గురించి భయపడే మనిషి ఒకరు తగ్గిపోయారనిపిస్తోంది.

మర్నాడు గూడెం వెళ్ళాను. ప్రార్థన అయ్యాక పెట్టె లేపడానికి మా బ్యాచి వాళ్ళంతా ముందుకొచ్చారు. నేనూ ఒక అడుగు వేశాను. సమాధుల తోట దగ్గరే, కాసేపేగా అనిపించింది. నాకు ప్రమాదమంతా ఆ కాసేపట్లోనే ఉంది. చేతులు వెనక్కి తీసుకున్నాను.

వెనకనుంచి ఒక పెద్దాయన, “మీరూ ఓ భుజం వెయ్యండి బాబూ. ఆవిడ దగ్గర చదువుకున్నవారేగా,” అన్నారు. నలుగురూ నావైపు చూశారు. ఆవిణ్ణి మొయ్యాలంటే ఆవిడ మాట దాటాలి.

పక్కకి తప్పుకుని పెట్టె వెంటే నడిచాను. బరువు పడకుండా చెక్క మీద అరచెయ్యి ఒక్కటీ ఆనించాను. కొంత దూరం పోయేసరికి చెయ్యి లాగడం మొదలెట్టింది. దింపేశాను. నొప్పి తగ్గాక మళ్ళీ ఆనించాను.